కెమెరా ఎక్కడ కట్టాలో చూపించింది మనోళ్ళే, మరి పేరెక్కడ?



పోయిన వారం ఈ గ్రూపులో మన తమ్ముడు ఒకడు పెట్టిన ఫొటో కింద ఎంత చర్చ నడిచిందో మీరంతా చూశారు. రాత్రిపూట మడ వేర్ల మధ్య నిలబడి, కళ్ళు మెరుస్తున్న బావురుపిల్లి. కొన్ని ఊళ్ళల్లో దీన్ని నీటిపిల్లి అంటారు. "మన దివిసీమలో ఇలాంటిది ఉందా!" అని కొందరు ఆశ్చర్యపోయారు. దాని కిందే ఆ తమ్ముడు ఇంకో మాట రాశాడు. "కెమెరా కట్టిన చోటు చూపించింది మా బాబాయి. రిపోర్టులో ఆయన పేరు ఎక్కడా లేదు." గొడవంతా అక్కడ మొదలైంది. "ఈ సర్వేలకు అసలు పోవద్దు, రేపు అభయారణ్యం పేరు చెప్పి మనల్నే తోసేస్తారు" అని కొందరన్నారు. "రోజుకూలి వస్తుంది కదా, పోతే తప్పేంటి" అని ఇంకొందరు.

బెజవాడ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మేం కొందరం, యానాది, ఎరుకల, సుగాలి పిల్లలం, ఆదివారం కూర్చుని దీని గురించే మాట్లాడుకున్నాం. చివరికి మేం అనుకున్నది ఇది: పోవాలి, కానీ కూలికి పోయినట్టు పోకూడదు. ఎందుకో చెప్తాం. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ బాబాయి సంగతి. సర్వేకి వచ్చినవాళ్ళు మొదట కెమెరాలను రొయ్యల చెరువు పెద్ద గట్టు మీద కట్టారంట. దారి బాగుంటుంది, బండి వెళ్తుంది, కార్డు మార్చడం సులువు. పది రోజుల తర్వాత చూస్తే ఏముంది? చెరువు కాపలా మనుషులు, కుక్కలు, కొంగలు. బాబాయి మూడు రోజులు ఏమీ అనలేదు. తర్వాత "అది జనం నడిచే గట్టు బాబూ. తూము కారే చోట చిన్న చేపలు చేరతాయి, ఆటు వేళకి అది అక్కడికొచ్చి కూచుంటది" అన్నాడు. అక్కడి బురదలో అడుగులు చూపించాడు, పొలుసులు కలిసిన పెంట చూపించాడు. కెమెరా మార్చిన కొద్ది రోజులకే బొమ్మ పడింది. రిపోర్టులో ఆయనకి దక్కింది "స్థానిక సహాయకులు" అన్న ఒక్క ముక్క.

ఎవర్నీ తిట్టడానికి ఇది చెప్పట్లేదు. ఆ వచ్చినవాళ్ళు మంచివాళ్ళేనని, బాబాయితో కలిసే అన్నం తిన్నారని తమ్ముడే చెప్పాడు. ఒకరి మంచితనం గురించి కాదు మన మాట. పద్ధతే అలా ఉంది.

ఈ కెమెరా ఎలా పని చేస్తుందో తెలిస్తే బాబాయి చేసిన పని విలువ అర్థమవుతుంది. నూరేళ్ళ కింద ఛాంపియన్ అనే అటవీ అధికారి అడవి దారిలో తీగ కట్టేవాడు. పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగి ఫొటో పడేది. ఆ ఫొటోలతో 1927లో పుస్తకం కూడా వేశాడు. ఇప్పటి కెమెరాలకు తీగ అక్కర్లేదు. ముందున్న నేల వేడికీ కదిలే ఒంటి వేడికీ ఉన్న తేడాని సెన్సారు పసిగడుతుంది. తేడా కనిపిస్తే క్లిక్కుమంటుంది, లేకపోతే ఊరుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఏనుగు, పులి లాంటి పెద్ద ఒళ్ళయితే దూరం నుంచి కూడా దొరుకుతాయి. ఎలుకంత, ముంగిసంత జంతువు వేడి ఎంతని? దగ్గరగా, కిందగా కడితే తప్ప కెమెరాకి తెలీదు. ఎండాకాలం మధ్యాహ్నం మన నేల కూడా ఒంటి వేడి దాకా కాగుతుంది. అప్పుడు తేడా తెలీక సెన్సారు గుడ్డిదైపోతుంది. ఎడారుల్లో చిన్న జంతువుల మీద పని చేసేవాళ్ళకి ఇదే పెద్ద తలనొప్పి. మన డెల్టాలో దీనికి తోడు పోటు నీళ్ళు, ఉప్పుగాలి, ఎండకు కాగి గాలికి ఊగే ఆకులు. ఆకు కదిలినా ఫొటో పడుతుంది. కిందగా కడితే పోటుకి మునుగుతుంది, పైకి కడితే పిల్లి కింద నుంచే వెళ్ళిపోతుంది. ఏ పాయలో అమావాస్య పోటు ఎంత ఎత్తు వస్తుందో మడ చెట్టు మొదలు మీద బురద గీత చూసి చెప్పగలిగేది ఎవరు? ఆ పాయలో పీతలు పట్టి పెరిగినవాడే.

బావురుపిల్లి ఒంటి మీద మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. కుడి పక్క మచ్చలు వేరు, ఎడమ పక్క వేరు. అందుకే ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. పులుల్ని చారల్ని బట్టి గుర్తుపట్టి లెక్కించే పద్ధతిని మన దేశంలో ఉల్లాస్ కారంత్ 1990లలో నాగర్‌హొళె అడవిలో మొదలుపెట్టారు. అదే దారిలో 2022లో ఒడిశా చిలికా సరస్సులో బావురుపిల్లులు 176 అని లెక్క తేల్చారు. అభయారణ్యం బయట వీటిని ఇలా లెక్కించడం ప్రపంచంలోనే అది మొదటిసారి.

మచ్చలు లేని ముంగిస, పందికొక్కు, పొలం ఎలుకల సంగతేంటి? అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఏది ఏదో కెమెరా చెప్పలేదు. ఈ చోట ఉన్నాయా లేవా అన్నంతవరకే చెప్తుంది. మన అమ్మలు, తాతలు అంతకంటే ఎక్కువే చెప్తారు. కలుగు నోటి దగ్గర మట్టి తడిగా ఉంటే లోపల ఎలుక ఉందని, పాతబడి సాలెగూడు పట్టి ఉంటే ఖాళీ అని చెప్తారు. వరి కంకులు లోపలికి లాక్కెళ్ళిన తీరు చూసి ఏ రకం ఎలుకో చెప్తారు. మన డెల్టా రైతులు ఎన్నో తరాలుగా పంట కాపాడమని యానాదుల్ని, ఎరుకలవాళ్ళని పిలిచేది ఈ చదువుని నమ్మే. ఎలుకకి ఇంత అని లెక్కగట్టి డబ్బులిచ్చారు, అదొక విద్య అని మాత్రం ఎవరూ అనలేదు.

మన రాష్ట్రంలోనే ఇంకో కథ ఉంది, చాలామందికి సగమే తెలుసు. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు కడప జిల్లా ఊళ్ళల్లో అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో ఒక రాత్రి, పక్షులు పట్టే స్థానికుడు ఐతన్న టార్చిలైటుతో దాన్ని పట్టుకొచ్చాడు. ఎనభై ఏళ్ళకు పైగా దొరకని పక్షిని చేత్తో తెచ్చి చూపించాడు. ఆ తర్వాతే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. 2000 ప్రాంతంలో అడుగుల ముద్రల కోసం మెత్తటి మట్టి పరిచారు, ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. చివరికి ఆ పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారే మార్చాల్సి వచ్చింది. ఒక చిన్న పక్షి సాక్ష్యానికి అంత బలం ఉంది. కలివికోడి పేరు పోటీపరీక్షల పుస్తకాల్లో ఉంది. ఐతన్న పేరు ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు "పోవద్దు" అంటున్నవాళ్ళ మాటకి వద్దాం. వాళ్ళ భయం ఉత్తిది కాదు, మనం దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇందాక నాగర్‌హొళె అన్నాం కదా. మన దేశంలో కెమెరా లెక్కలకి పుట్టిల్లు అదే. ఆ అడవిలో తరతరాలుగా బతికిన జేనుకురుబలను పులుల పేరుతోనే బయటికి పంపించారు. 2025 మేలో కొన్ని కుటుంబాలు తమ పాత ఊరు కరడికల్లుకి తిరిగి వెళ్ళి, ఇది మా హక్కు అని కూర్చోవాల్సి వచ్చింది.

ఇంకోటి ఉత్తరాఖండ్ సంగతి. కార్బెట్ పులుల అడవి చుట్టూ ఊళ్ళల్లో త్రిశాంత్ సిమ్లాయ్ అనే కేంబ్రిడ్జి పరిశోధకుడు చాలా కాలం ఉండి, 2024లో తన పరిశోధన అచ్చువేశాడు. జంతువుల కోసం కట్టిన కెమెరాలు కట్టెలకి, గడ్డికి వెళ్ళే ఆడవాళ్ళ మీద నిఘాగా మారాయని అందులో రాశాడు. అడవిలోకి వెళ్ళిన ఒక మహిళ ఫొటో కెమెరాలో పడితే, దాన్ని సోషల్ మీడియాలో తిప్పారు. ఊరివాళ్ళు కోపంతో కెమెరాలు పగలగొట్టారు. ఏనుగులూ పులులూ దూరంగా ఉండాలని పాటలు పాడుకుంటూ వెళ్ళే ఆడవాళ్ళు, ఎవరో చూస్తున్నారనే భయంతో పాడటమే తగ్గించారు. పాట ఆగితే ప్రమాదం దగ్గరికొస్తుంది.

మన మడల్లోకి పీతలకి, నత్తలకి, పుల్లలకి వెళ్ళేది ఎక్కువ మంది ఆడవాళ్ళే కదా. మన అక్కల ఫొటో ఎవరి ఫోన్లో పడుతుందో ఎవరు చెప్పాలి?

నిఘా అంటే మనకి కొత్త కాదు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవాళ్ళని పుట్టుకతోనే దొంగలన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం 1913లో అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఊరు దాటాలంటే అనుమతి కావాలి, రాత్రిళ్ళు హాజరు పలకాలి. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది గానీ అనుమానం పోయిందా? బావురుపిల్లి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. అలాంటిది ఏ చెరువు గట్టున చచ్చిపడి కనిపించినా మొదటి చూపు మన కాలనీ వైపే తిరుగుతుంది. చేపలు తింటుందని చెరువుల వాళ్ళకి దాని మీద కోపం ఉండొచ్చు, వాళ్ళని ఎవరూ ముందు అడగరు. కాబట్టి చెట్టుకి కట్టిన కెమెరాని చూసి మన పెద్దోళ్ళు మొహం తిప్పుకుంటే, అది అమాయకత్వం అనుకోవద్దు. వాళ్ళకి గుర్తుంది.

ఇన్ని చెప్పి మళ్ళీ పోవాలి అంటున్నాం ఏంటి అని అడుగుతారు. కారణం ఇది. మనం పోకపోయినా కెమెరాలు వస్తాయి. వచ్చి తప్పు చోట కడితే, "ఇక్కడ ఏమీ లేదు" అని రాస్తారు. కెమెరాకి దొరకలేదంటే జంతువు లేదని అర్థం కాదని పరిశోధకులకి తెలుసు. కానీ ఫైలులో చదివేవాడికి తెలీదు. "ఏమీ లేదు" అని రాసిన చోట మడ కొట్టి చెరువు తవ్వటం సులువు. మడ పోతే ముందు పోయేది మన పీత, మన చేప. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ ఎలా కొట్టుకుపోయిందో మన అమ్మమ్మలు చెప్పగా విన్నాం. మడ ఉన్నచోట అల జోరు తగ్గుతుందని వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మరోవైపు బొమ్మ పడితే "ఇక్కడ అరుదైన జంతువు ఉంది, మనుషులు ఉండకూడదు" అనే ప్రమాదం ఉంది. అంటే బొమ్మ పడినా పడకపోయినా నష్టం మన మీదికే రావచ్చు. అందుకే కెమెరా ఎక్కడ కట్టాలో, ఆ బొమ్మతో ఏం చెయ్యాలో తేల్చే చోట మనం ఉండాలి. గట్టు మీద నిలబడి చూస్తే కుదరదు.

ఇది కుదిరే పనేనా? వేరే చోట కుదిరింది. ఆస్ట్రేలియా ఎడారుల్లో బిల్బీ అని కుందేలు చెవుల చిన్న జంతువు ఉంది, ఇసుకలో లోతుగా బొరియ తవ్వుకుంటుంది. అక్కడి ఆదివాసీలు అడుగులు, తవ్వకాలు, పెంట చూసి అది ఎక్కడుందో చెప్తారు, ఆ బొరియల దగ్గరే కెమెరాలు పెడతారు. వాళ్ళు రోజుకూలీలు కాదు, జీతం తీసుకునే రేంజర్లు. 2007 నుంచి అక్కడి ప్రభుత్వం ఆ ఉద్యోగాలకి డబ్బు ఇస్తోంది. అదే ఎడారిలో న్గురుర్‌పా ఆదివాసీ రేంజర్లు, దాదాపు కనుమరుగైందనుకున్న రాత్రి చిలుకని తమ నేలలో వెతికారు. అరుపులు పట్టే రికార్డర్లు పెట్టారు, కెమెరాలు పెట్టారు. 50 దాకా ఉండొచ్చని 2024లో పరిశోధనా పత్రం వచ్చింది. దాని రచయితల వరుసలో రేంజర్లు కూడా ఉన్నారు. చివర్లో కృతజ్ఞతలు చెప్పే చోట కాదు, రచయితల వరుసలోనే.

మనకి దగ్గరలో చూస్తే నల్లమలలో చెంచు అన్నలు ఉన్నారు. బేస్ క్యాంపుల్లో కాపలా వాళ్ళే, పులుల లెక్కలప్పుడు దారి చూపి కెమెరాలు కట్టేదీ వాళ్ళే. వాళ్ళ పనిని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోలుతో పాటు ఉద్యోగ భద్రత కూడా రావాలి కదా.

చట్టం మనకేమీ చెయ్యదు అనుకోవద్దు. మన డెల్టా షెడ్యూల్డ్ ఏరియా కాదు నిజమే, కానీ 2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ఏరియాలకే పరిమితం కాదు. అటవీ భూమి ఎక్కడున్నా వర్తిస్తుంది, అభయారణ్యంలో కూడా. అందులో 3(1)(డి) చేపలు, నీటి వనరుల మీద సామూహిక హక్కు గురించి. 3(1)(కె) చదవండి. జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద, మేధోసంపత్తి మీద సమాజానికి హక్కు ఉందని రాసుంది. బాబాయి బురదలో చూపించిన ఆ అడుగు ఆ మాట కిందికే వస్తుందని మా వాదన. ఇక 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజల జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీ పంచాయతీ రిజిస్టరులో యానాది కాలనీ నుంచి ఒక్క మాటైనా ఎక్కిందా? వెళ్ళి అడగండి.

కాబట్టి ఇక ముందు మన ఊరికి ఎవరు సర్వేకి వచ్చినా ఈ మాటలు ముందే మాట్లాడుకుందాం:

1. పని ఏంటి, ఎన్నాళ్ళు, జీతం ఎంత అనేది కాగితం మీద రాయాలి. పాము, బురద, రాత్రి పడవ ప్రయాణం ఉన్న పనికి బీమా ఉండాలి.

2. దారి చూపినవాళ్ళ పేర్లు, వాళ్ళు ఒప్పుకుంటే, రిపోర్టులో రాయాలి. చోటు నిర్ణయించటంలో చెయ్యి ఉంటే రచయితల వరుసలో రాయాలి.

3. కెమెరాలు ఎక్కడ కట్టారో కాలనీలో ముందే చెప్పాలి. ఆడవాళ్ళు వెళ్ళే దారుల్లో, స్నానాల రేవుల్లో కట్టకూడదు. మనుషుల ఫొటో పడితే చూపించి, తీసేయాలి. ఆ ఫొటోని ఎవరి మీదా కేసుకి వాడకూడదు.

4. ఫలితం తెలుగులో, కాలనీలో కూర్చోబెట్టి చెప్పాలి. ఫొటోల కాపీ ఊళ్ళో ఉండాలి.

5. మన డిగ్రీ పిల్లల్లో కనీసం ఒకరికి కెమెరా అమర్చడం, లెక్కలు కట్టడం నేర్పాలి. జువాలజీ చదివే మనోళ్ళు ఉన్నారు, ఎవరూ ఇప్పటిదాకా అడగలేదు.

ఇవన్నీ అడిగితే పని పోతుందేమో అని భయం ఉంటుంది. మాలో కూడా ఒకరు అదే అన్నారు. "మా అమ్మకి ఆ కూలి అవసరం, మీ షరతుల వల్ల వేరేవాళ్ళని పెట్టుకుంటే?" ఆ ప్రశ్నకి మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్క ఇల్లు అడిగితే పోతుంది నిజమే. నాలుగు కాలనీలు కలిసి ఒకే మాట అడిగితే వేరేవాళ్ళని తేవడం అంత తేలిక కాదు, ఎందుకంటే తూము దగ్గర ఆటు వేళకి ఏం వస్తుందో తెలిసినవాళ్ళు వేరే ఎక్కడా దొరకరు. అందుకే ఈ పోస్టు గ్రూపులో పెడుతున్నాం. విడివిడిగా అడగొద్దు.

మన వైపు నుంచి కూడా ఒక పని ఉంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకెళ్ళండి. తాతలు, అమ్మమ్మల దగ్గర కూర్చుని ఏ జంతువుని ఏమంటారో, దాని అడుగు ఎలా ఉంటుందో, ఏ పాయలో ఏ వేళకి తిరుగుతుందో, ఇప్పుడు ఏవి కనపడటం లేదో రాసుకురండి. చెప్పినవాళ్ళ పేరు, తేదీ తప్పకుండా రాయండి. నీటికుక్కల గురించి అడగడం మర్చిపోవద్దు. నాగాయలంక, కోడూరు వైపు వాళ్ళు, నిజాంపట్నం వైపు వాళ్ళు వేరువేరుగా రాస్తే బాగుంటుంది, పేర్లు మారతాయి. ఏ కెమెరా రాకముందే మన దగ్గర మన పుస్తకం ఉండాలి.

తమ్ముడూ, మీ బాబాయిని అడుగు, తన పేరు ఈ గ్రూపులో రాయటం ఆయనకి ఇష్టమేనా అని. ఇష్టమైతే ఆ ఫొటో మళ్ళీ పెడదాం. ఈసారి కింద మొదటి లైనులో ఆయన పేరే ఉంటుంది.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి. ముఖ్యంగా "పోవద్దు" అన్న అన్నలు, అక్కలు. మేం ఏదైనా వదిలేసి ఉంటే చెప్పండి, సరిచేసుకుంటాం.

జోహార్. జై భీమ్.